స్క్రిప్టు లేని నాటకం

మేము విజయవాడ రేడియో నాటకాలు విని పెరిగినవాళ్ళం. రచన ఫలానా, పాత్రధారులు ఫలానా అని ముందే చెప్పేవారు. అందుకే 1999లో లాస్ ఏంజలెస్‌లో కారు నడుపుతూ జో ఫ్రాంక్ గొంతు మొదటిసారి విన్నప్పుడు, పాపం, ఎవరో నిజంగానే గోడు వెళ్ళబోసుకుంటున్నారనుకున్నాను. కాసేపటికి కథ ఎక్కడెక్కడికో పోయింది. నవ్వాలో భయపడాలో తెలియలేదు. ఇంటి ముందు కారాపి, అయ్యేదాకా విన్నాను.

ఆయన 1986 నుంచి 2002 దాకా శాంటా మోనికాలోని కేసీఆర్‌డబ్ల్యూ రేడియోలో పనిచేశారు. 2018లో పోయారు. నటులకు సన్నివేశం మాత్రం చెప్పేవారు, మాటలు వాళ్ళే పుట్టించుకోవాలి. ఆ రికార్డింగులు కత్తిరించి తన స్వగతాల మధ్య పేర్చేవారు. అడుగున ఒకే సంగీతపు ముక్క, మన తంబురా శ్రుతిలా, తిరుగుతూనే ఉండేది.

మా పదిహేనేళ్ళవాడికీ, బెజవాడలో ఉన్న మా నాన్నగారికీ ఫోన్లో "బాగున్నావా, తిన్నావా" దాటి మాట సాగదు. మొన్నొక ఆదివారం ఆ పద్ధతే పెట్టి చూశాను. "బస్టాండులో ముసలాయన పెట్టె పోయింది. నాన్నగారూ, మీరు ముసలాయన. వీడు కండక్టరు. ఇక కానివ్వండి."

నాన్నగారు ఒక్క క్షణం ఆగి, ఏడుపు గొంతుతో అందుకున్నారు! మావాడు సగం ఇంగ్లీషు, సగం తెలుగులో టిక్కెట్టు అడిగాడు. నలభై నిమిషాలు. నేను పక్కన ఫోన్లో వేణువు పెట్టి కూర్చున్నాను.

"తాతయ్యా, ఇంతకీ పెట్టెలో ఏముంది?"

"వచ్చే ఆదివారం చెప్తాలేరా."

మూడు ఆదివారాలయింది. ఇంకా చెప్పలేదు.