పొలిమేర ఊళ్లో కొత్త పాటలు

మా మర్ఖేల్ దెగ్లూరు తాలూకాలో ఉంది. 1956లో రాష్ట్రాలు విడదీసినప్పుడు తాలూకాలోని జుక్కల్, బిచ్కుంద సర్కిళ్లు తెలుగు రాష్ట్రానికి పోయాయి, మేం బొంబాయి రాష్ట్రంలో పడ్డాం. చుట్టరికాలు మాత్రం రెండు దిక్కులా ఉండిపోయాయి. అందుకే మా ఇంట్లో కొత్త పాటలు రెండు భాషల్లో దిగుతాయి.

2016 వేసవిలో మరాఠీ సినిమా ‘సైరాట్’ వచ్చింది. ఆ ఏడు ఏ బరాత్‌లోనైనా అజయ్-అతుల్‌ల ‘ఝింగాట్’ మోగాల్సిందే. బ్యాండువాళ్లు అది ఎత్తుకుంటే ముసలివాళ్లు కూడా కుర్చీల్లోంచి లేచారు. నాకు మాత్రం ‘యాడ్ లాగ్లం’ ఎక్కువ నచ్చింది. ఆ సినిమాకు సింఫనీని హాలీవుడ్‌లో రికార్డు చేశారు. వెనక అంత వాద్యబృందం ఉన్నా అజయ్ గొంతులోని పల్లె జీర అట్లాగే ఉంది. అప్పటి నుంచి ఏ ఆల్బమ్ విన్నా ముందు ఆ జీర కోసమే చెవి పెడతాను.

2023 మార్చిలో రెండు తెలంగాణ సినిమాలు వచ్చాయి. ‘దసరా’లో సంతోష్ నారాయణన్ బాణీకట్టిన ‘చమ్కీల అంగీలేసి’ని కాసర్ల శ్యామ్ మాటల కోసమే మళ్లీ మళ్లీ విన్నాను. అదే సినిమాలోని ‘ధూమ్ ధామ్ దోస్తాన్’ పాటలో మాత్రం మోత ఎక్కువై మాటలు అందలేదు.

రెండోదైన ‘బలగం’ను జుక్కల్ దిక్కు చుట్టాల ఊళ్లో తెర కట్టి వేస్తే చూశాను. చివర, పోయినవాళ్ల పేర కాకికి ముద్ద పెట్టే పిట్టముట్టుడు దగ్గర జానపద గాయకులు మొగిలయ్య, కొమురమ్మల పాట మొదలయ్యేసరికి అప్పటిదాకా అల్లరి చేసిన పిల్లలు కూడా తల్లుల పక్కన చేరారు. మా పెద్దమ్మ కొంగుతో కళ్లు ఒత్తుకుంటూ, “మీ పెదనాయిన పోయినప్పుడు జంగమోళ్లు గిట్లనే పాడిండ్రు బిడ్డా” అంది. సంగీత దర్శకుడు భీమ్స్ సిసిరోలియో ఆ గొంతుల్ని నునుపు చేయలేదు, వాటి మీద వాద్యాలు పరచలేదు. ఈ మధ్య ఆల్బమ్‌లలో దాన్ని మించిన సంగీత దర్శకత్వం నేను వినలేదు.

అదే సినిమాలోని ‘ఊరు పల్లెటూరు’కు కాసర్ల శ్యామ్ జాతీయ పురస్కారం అందుకున్నారని 2025లో తెలిసి ఎంతో సంతోషించాను. మొగిలయ్య అప్పటికే లేరు, 2024 డిసెంబరులో కన్నుమూశారు. జానపద బాణీ తీసుకుని గొంతు మాత్రం స్టూడియోది పెట్టే ఆల్బమ్‌లు ఇప్పుడు చాలా వస్తున్నాయి. ఊళ్లలో పాడేవాళ్లు ఇంకా ఉన్నారు. వాళ్లు బతికుండగానే మైకు ముందు కూర్చోబెట్టి, పాట మొత్తం వాళ్లకే ఇవ్వాలి.