గాలికి పడ్డ చెట్టు ఎవరిది?



మూడు రోజుల కింద గ్రూపులో ఒక తమ్ముడు అడిగిండు: "గాలిదుమారానికి మా చేను గట్టు మీది మద్దిచెట్టు పడ్డది. కొట్టుకుంటే కేసు అయితదా?" కింద నలుగురు "ఏం కాదు, కొట్టుకో" అన్నరు. ఇద్దరు "ముట్టకు, లోపలేస్తరు" అన్నరు. రెండూ సగం సగమే నిజం. బెల్లంపల్లి చుట్టుపక్కల గూడేల నుంచి వచ్చి చదువుకుంటున్న మేం కొందరం కూసొని, ఎండాకాలం గాలివానల తర్వాత మేం చేసే పని, చట్టంలో చదివింది కలిపి ఈ పోస్టు రాస్తున్నం. పొడుగైంది. ఓపిక పట్టి చదవండి.

మన రాష్ట్రంలో పడ్డ చెట్ల గురించి మాట్లాడాలంటే మేడారం కాడినుంచే మొదలుపెట్టాలి. 2024 ఆగస్టు 31 సాయంత్రం ములుగు జిల్లా తాడ్వాయి, మేడారం మధ్య అడవిలో గాలి తిరగబడ్డది. తొలి లెక్కలోనే సుమారు 500 ఎకరాలు, 50 వేల చెట్లు అన్నరు, తర్వాత ఆ అంకె ఇంకా పెరిగింది. ఫిబ్రవరిలో జాతరకు పోయినప్పుడు మనం ఏ అడవి నీడలో నడిచినమో, ఆరు నెలలకే అందులో కొంత భాగం దువ్విన జుట్టులాగ నేల మీద పండుకుంది. అది సుడిగాలా, లేక మేఘంలోనుంచి చల్లగాలి ఒక్కసారి కిందికి కుమ్మరించిందా అని చాలా చర్చ జరిగింది. అప్పటికే వానకు నేల నానిపోయి ఉంది, చెట్ల వేర్లు లోతుకు పోలేదు అని కూడా చెప్పిన్రు. అదే గాలి ఊళ్ళ మీదికి వస్తే ఎంతమంది పోయేటోళ్ళో. సమ్మక్క సారలమ్మ అడ్డం నిలబడ్డరు అని మన పెద్దోళ్ళు అన్నరు, ఆ మాట మీద మాకేం వాదన లేదు.

అయితే వార్తలన్నీ "ఎన్ని చెట్లు పడ్డయి" కాడనే ఆగినయి. పడ్డ చెట్టును ఎవరు తీస్తరు, ఎంత తీస్తరు, ఎవరికి పోతది అన్నది పెద్దగా ఎవరూ అడగలే. మనకు మాత్రం ఆ ప్రశ్న కొత్తది కాదు. నిజాం కాలంల మేతకు, కట్టెకు పన్ను కట్టమన్నందుకే కదా కుమ్రం భీం లేచింది, 1940లో జోడేఘాట్‌ల ప్రాణం ఇచ్చింది. బాయిల మట్టుకు ఇంకో సంగతి ఉంది. బొగ్గుబాయిల పైకప్పు కూలకుండ పెట్టే దిమ్మెలు ఒకప్పుడు అడవి కలపవే. టింబర్‌మన్ అని దానికి వేరే కొలువే ఉండేది. అంటే ఈ ఏరియాల చెట్టు భూమి పైనా పని చేసింది, భూమి కిందా పని చేసింది. దాని కింద బతికిన గూడెం మాత్రం ఒక దూలం కోసం భయపడుకుంటనే ఉంది.

ఇప్పుడు చట్టం. 2006 అటవీ హక్కుల చట్టంల చిన్న అటవీ ఉత్పత్తులు అంటే ఏందో రాసి ఉంది. తునికాకు, తేనె, మైనం, లక్క, వెదురు, దుంపలు, మందు చెట్లు అందరికీ తెలుసు. అదే వరుసల ఇంకో రెండు మాటలు ఉన్నయి, వాటిని చాలామంది చదవరు: చిన్న పొదకట్టె, మొద్దులు. తరతరాలుగా ఏరుకుంటున్న వాటి మీద ఏరుకునే, వాడుకునే, అమ్ముకునే హక్కు మనదే. 2012ల వచ్చిన సవరణ నిబంధనల ప్రకారం వాటిని తీసుకపోయేందుకు రవాణా కాగితం ఇచ్చేది కూడా గ్రామసభ పెట్టుకున్న కమిటీయే. కానీ పెద్ద మాను, అంటే కలప, ఆ హక్కులోకి రాదు. రిజర్వు అడవిల గాలికి పడ్డా సరే, మాను సర్కారుదే. కొమ్మ మనది, మాను వాళ్ళది, ఒకే చెట్టు! నవ్వు వస్తది గానీ, కేసులు అయ్యేది ఈ గీత కాడనే. గొడ్డలి పట్టుకునే ముందు గీత ఎక్కడుందో తెలుసుకోవాలె.

పట్టా చేన్ల పడితే చెట్టు మీదే. అయినా టేకు, మద్ది లాంటి కలపను కోపించి ఊరు దాటించాలంటే అటవీ శాఖ పర్మిట్ కావాలె. పోడు పట్టా భూమి అయితే ఇంకా జాగ్రత్త. ఆ కాగితం భూమి మీద హక్కు ఇచ్చింది, అందులోని కలప అమ్ముకోవచ్చని చట్టంల ఎక్కడా రాయలేదు. కాబట్టి తమ్మీ, మొదటి ప్రశ్న నీ గట్టు ఏ లెక్కలోకి వస్తదని. పట్టా అయితే ఫొటోలు తీసి, సర్వే నంబరు రాసి, రేంజ్ ఆఫీసుల దరఖాస్తు ఇచ్చి, దాని నకలు మీద ముద్ర వేపిచ్చుకో. పోడు అయితే గ్రామసభ తీర్మానం జతచేసి ఇయ్యి. అప్పటిదాక కొమ్మలు కొట్టి చేను సాఫ్ చేసుకో, మానును అట్లనే ఉంచు.

అభయారణ్యం అయితే లెక్క మళ్ళీ వేరే. మేడారం వైపు ఏటూరునాగారం అభయారణ్యం ఉంది, మన వైపు వేమనపల్లి దిక్కు ప్రాణహిత అభయారణ్యం ఉంది. 1972 వన్యప్రాణి చట్టం 29వ సెక్షన్ ప్రకారం అనుమతి లేకుండ అక్కడినుంచి ఏదీ తీయరాదు. అందులోనే ఒక మంచి మాట కూడ ఉంది: అక్కడినుంచి అటవీ ఉత్పత్తి తీస్తే, దాన్ని లోపల, చుట్టుపక్కల బతికేటోళ్ళ సొంత అవసరాలకు వాడొచ్చు, వ్యాపారానికి వాడరాదు. ఈ మాటను మనోళ్ళు దరఖాస్తులల్ల రాయరు. రాయాలె. ఇల్లు కూలినోళ్ళకు దూలాలు, వాసాలు అడగడానికి ఇంతకన్న గట్టి మాట దొరకదు.

ఇంటి మీద చెట్టు పడితే అందరూ చేసే పని గొడ్డలి తీసుకొని మీదికెక్కడం. ఆగండి. మనుషులు బయటికొచ్చిన్రా చూసుకున్నంక, ముందు ఫొటోలు. ఇల్లు, చెట్టు, రెండూ కనపడాలె. రెవెన్యూ వాళ్ళు వచ్చేసరికి ఇల్లు సాఫ్ అయిపోతే నష్టం ఎట్ల రాస్తరు? విపత్తు సాయం కింద ఇల్లు పూర్తిగ పోతే మైదానంల 1.20 లక్షలు, గుడిసెకు 8,000, పాక్షికంగ దెబ్బతింటే పక్కా ఇంటికి 6,500, కచ్చా ఇంటికి 4,000, పశువుల కొట్టానికి 3,000 రూపాయలు అని కేంద్రం 2022లో పెట్టిన లెక్క. పాక్షికం అంటే కనీసం 15 శాతం నష్టం కనపడాలె. పైసలు తక్కువే, కానీ ఫొటో లేక అవి కూడ పోగొట్టుకున్న ఇండ్లు మా గూడేలల్లనే ఉన్నయి.

తర్వాత కరెంటు. తీగ తెగి తడి కొమ్మల్ల ఇరుక్కుంటే బయటికి కనపడదు. 1912కు ఫోన్ చేసి, లైన్ బంద్ చేసిన్రని లైన్‌మన్ నోటితో విన్నాకనే చెయ్యి పెట్టాలె. "కరెంటు లేదు కదా, ఊరంత చీకటే" అని అనుకోవద్దు. సడెన్‌గ వస్తది.

కోసే పని మీద మా గ్యాంగుల ఒక పద్ధతి పెట్టుకున్నం. ఈ పద్ధతి నేర్పింది మా మామలు, బాబాయిలు, ఏ ట్రైనింగ్ క్యాంపూ కాదు. నిలబడ్డ చెట్టు కన్న పడ్డ చెట్టు ప్రమాదం, ఎందుకంటే దాని బరువు ఎటు ఉందో తెల్వదు. కింద ఇరికి వంగిన కొమ్మ, ఎక్కుపెట్టిన విల్లు, రెండూ ఒక్కటే. సాగిన వైపు ఒక్క దెబ్బ వేస్తే ఎగిరి మొహం మీదికొస్తది. నొక్కుకుపోయిన వైపు ముందు కొంచెం గాటు పెట్టి, తర్వాత సాగిన వైపు కొద్దికొద్దిగ కోయాలె. మనిషి ఎప్పుడూ వంపుకు పక్కన ఉండాలె, ఎదురుంగ కాదు. వేర్లతో సహా లేచిన చెట్టు ఇంకా మోసం. మానును మధ్యల కోస్తే వేరుగడ్డ బరువుకు మొదలు టక్కున లేచి మళ్ళా గుంతల నిలబడతది. ఆ గుంతల ఆడుకునే పిల్లలను ముందే దూరం పంపాలె. ఒక చెట్టు ఇంకో చెట్టు మీద ఒరిగి ఉంటే దాని కిందికి ఎవరూ పోవద్దు. అది మోకులు, ట్రాక్టరు ఉన్నోళ్ళ పని. రంపం మిషన్ కొత్తగ కొన్న తమ్ముళ్ళు రీల్స్ కోసం మాను మీద నిలబడి కోస్తున్న వీడియోలు చూసినం. దండం పెడ్తం, ఆ పని చేయకండి.

బాట సాఫ్ చేయడం వేరు, అడవి సాఫ్ చేయడం వేరు. బాట మీద, ఇంటి మీద, బోరింగు కాడ, బడి ముందు పడ్డది ఆ రోజే తీయాలె. అడవి లోపల పడ్డ ప్రతి చెట్టును తీసేయాలని ఎవరన్నా అంటే మేం ఒప్పుకోం. కుళ్ళే మాను కింద తేమ ఉంటది, పురుగు ఉంటది, దాని కోసం వడ్రంగిపిట్ట వస్తది, విత్తనం మొలకెత్తితే పశువు మేయకుండ కొమ్మల కంచె ఉంటది. జేసీబీ దించి మొద్దులు పీకితే మట్టి పోతది, మళ్ళీ చిగురు రాదు. టేకు మొదలు మిగిలితే చాలు, వానకాలంల చిగురేస్తది. మొద్దుల మీద చట్టం మనకు హక్కు ఇచ్చినా అన్నీ పీకొద్దని మా పెద్దోళ్ళ మాట. అట్లని ఎండు కొమ్మలన్నీ వదిలేస్తే మార్చిల మంటలు వస్తయి. గూడెం పక్కన, బాటకు రెండు వైపులా, చేన్ల అంచుకు ఉన్న కొమ్మలను ఏరి వంటచెరకు చేసుకుంటే మంటకు దారి తెగుతది, మన పొయ్యికి కూడ పని. పడ్డ వెదురు ముందు కొలాం ఇండ్లకు ఇయ్యాలె. తడకలు, బుట్టలు అల్లేటోళ్ళకు అది ఎండకముందే చేరాలె, ఎండితే చీలదు.

అన్నిటికన్న మాకు కడుపుమంట అయ్యేది ఇప్పచెట్టు కాడ. ఇప్పచెట్టు పడితే కాగితం మీద దాన్ని మానుగ కొలుస్తరు, ఇన్ని అడుగుల కలప అని. దాని కింద పొద్దుగాల లేచి పువ్వు ఏరిన అవ్వ లెక్కల ఉండదు. 2020లో కేంద్రం ఎండు ఇప్పపువ్వుకు కిలోకు 30 రూపాయలు, ఇప్పగింజకు 29 రూపాయలు కనీస మద్దతు ధర పెట్టింది. ఒక పెద్ద చెట్టు ఏటా పువ్వు ఇస్తది, కాయ ఇస్తది, అదీ రెండు మూడు తరాలు. కొత్త మొక్క పెడితే పూతకు రావడానికి పదేండ్ల పైననే. గాలికి ఒక ఇంటి ఇప్పచెట్టు పోతే, ఆ ఇంటి ఎండాకాలం ఆదాయం పోయినట్టే. పంట నష్టానికి ఫారం ఉంది, ఇంటికి ఫారం ఉంది, పశువుకు ఉంది. ఇప్పచెట్టుకు ఫారం ఏది? మన గూడేలల్ల ఏ చెట్టు ఏ ఇంటిదో అందరికీ తెలుసు, పువ్వు కాలంల ఒకరి చెట్టు కిందికి ఇంకొకరు పోరు. ఆ తెలివిడిని కాగితం మీదికి ఎక్కించేది మనమే, ఇంకెవరూ ఎక్కించరు.

అందుకే ఒక పని మొదలుపెడ్తున్నం. మీ గూడెంల ఈ రెండేండ్లల్ల గాలికి పడ్డ ఇప్ప, తునికి, చింత, మొర్రి చెట్ల లెక్క రాయండి. ఏ ఇంటోళ్ళు ఏరుకునేది, ఏటా అందాజుగ ఎన్ని కిలోలు వచ్చేది, చెట్టు అడవిల ఉందా పట్టాలనా పోడులనా, ఇవి నాలుగు ముక్కలు చాలు. ఉంటే ఫొటో. పేర్లు గ్రూపుల పెట్టొద్దు, మీ దగ్గర నోటుబుక్కుల ఉంచండి, గ్రామసభల చదివి తీర్మానం రాసేటప్పుడు కావాలె. తీర్మానం నమూనా మేం రాస్తున్నం. లా చదువుతున్న అక్కలు, అన్నలు ఎవరన్నా ఉంటే కింద చెప్పండి, పంపేముందు మీరు ఒకసారి చూడాలె.

తమ్మీ, మద్దిచెట్టు సంగతి: నీ సర్వే నంబరు ఏందో ఇంకా చెప్పలే.