ఉద్దానంలో కాలేజీ పాఠం

అమెరికాలో ఉన్న మన బంధువుల నోట ‘కమ్యూనిటీ కాలేజీ’ అన్న మాట తరచుగా వినిపిస్తుంది. కాలిఫోర్నియాలోని తెలుగు కుటుంబాల్లో ఇంటివద్దనే చదువుకునే పిల్లలు పద్నాలుగు, పదిహేనేళ్ళకే దగ్గరలోని కమ్యూనిటీ కాలేజీలో ఒక గణితం కోర్సో, రసాయనశాస్త్రం కోర్సో తీసుకోవడం వింతేమీ కాదు. పిల్ల చదివే బడి ప్రిన్సిపాలు సంతకం చేయాలి, కాలేజీ ఒప్పుకోవాలి, అంతే. మరి ఇంట్లో చదివే పిల్లకు ప్రిన్సిపాలు ఎవరు? ఏటా అక్టోబరులో తల్లి రాష్ట్ర విద్యాశాఖకు ‘ప్రైవేటు స్కూలు అఫిడవిట్’ దాఖలు చేస్తే ఆ ఇల్లే బడి, ఆవిడే ప్రిన్సిపాలు. కన్నబిడ్డ దరఖాస్తు మీద తానే సంతకం పెడుతుంది. ఈ ఏర్పాటు గురించి తెలిసిన రోజున చాలాసేపు నవ్వుకున్నాను. తర్వాత అసూయ కలిగింది.

ఆ అసూయకు కారణం మా మేనకోడలు. వజ్రపుకొత్తూరు మండలంలో, సముద్రానికి కూతవేటు దూరంలో వాళ్ళ ఊరు. 2018 అక్టోబరు 11న వచ్చిన తిత్లీ తుపానులో వాళ్ళ కొబ్బరి, జీడితోటలు చాలావరకు నేలకూలాయి. ఆ తర్వాత కొన్నేళ్ళకు మా బావకు ఉద్దానంలో ఎన్నో ఇళ్ళు ఎరిగిన జబ్బే వచ్చింది. వారానికి మూడు రోజులు డయాలసిస్‌కని పలాస వెళ్ళి రావాలి. 2020లో కరోనాకు బడులు మూతపడ్డప్పుడు ఇంట్లో మొదలైన చదువు, ఇంటి పరిస్థితుల వల్ల తిరిగి బడికి చేరలేదు. మా చెల్లెలు పెళ్ళికి ముందు కాశీబుగ్గలో ఒక ప్రైవేటు బడిలో లెక్కలు చెప్పేది కనుక చదువు ఆగలేదు. ఆగకపోగా ముందుకు ఉరికింది. పిల్లకు పద్నాలుగేళ్ళు నిండాక ఒకరోజు ఫోను చేసి, “అన్నయ్యా, నా దగ్గరున్న లెక్కలు అయిపోయాయి. దీనికేదైనా కాలేజీ పాఠం చూసిపెట్టు” అంది.

‘హోంస్కూలు’ అన్న మాటకు మా ప్రాంతంలో సాటి మాట లేదు. ‘ఇంట్లో చదువుకుంటోంది’ అంటే వినేవాళ్ళు ‘ఇంట్లో ఉంది’ అన్నంతవరకే వింటారు. ఆడపిల్ల ఇంట్లో ఉంది అంటే చదువు మానిపించేశారనే అర్థం. ఆ తర్వాతి ప్రశ్న సంబంధాల గురించి. పద్నాలుగేళ్ళ పిల్ల ఎదుటే ఆ ప్రశ్న అడిగినవాళ్ళున్నారు. కాబట్టి ఆ పిల్లకు కోర్సు వెదకడమంటే జ్ఞానం వెదకడం ఒక్కటే కాదు, పదిమందికీ చూపించగల కాగితం వెదకడం కూడా. సర్టిఫికెట్లను చిన్నచూపు చూసే పెద్దమనుషులు ఈ సంగతి గమనించాలి.

కాగితం దారి అనుకున్నంత కష్టం కాలేదు. విద్యాహక్కు చట్టం 2010 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉన్నా, దాని పట్టింపు ఆరు నుంచి పద్నాలుగేళ్ళ వయసు వరకే. సరిగ్గా అది ముగిసేచోట సార్వత్రిక పాఠశాలలు మొదలవుతాయి. 1991లో ఏర్పడిన మన రాష్ట్ర ఓపెన్ స్కూలు, 1989లో పుట్టిన జాతీయ సార్వత్రిక విద్యాసంస్థ – ఈ రెంటిలోనూ పద్నాలుగేళ్ళు నిండితే పదవ తరగతికి కట్టవచ్చు. పదిహేనేళ్ళకు, పది పాసై ఉంటే, ఇంటర్మీడియట్ స్థాయికి. జాతీయ సంస్థలో ఒకసారి చేరితే అయిదేళ్ళ గడువు, తొమ్మిది అవకాశాలు. పదవ తరగతి తెలుగు మాధ్యమంలోనూ రాయవచ్చు. ఇంట్లో రోగి ఉన్నవాళ్ళకు ఆ గడువు ఎంత ఊరటో చెప్పనక్కరలేదు.

నిజానికి ఇది మనకు కొత్త కాదు. దీనికి మన పెద్దలు వాడిన మాట ‘ప్రైవేటుగా కట్టడం’. గిడుగు రామమూర్తి పంతులుగారు పర్లాకిమిడిలో రాజావారి బడిలో పంతులుగా ఉద్యోగం చేస్తూనే ప్రైవేటుగా చదివి 1886లో ఎఫ్.ఏ., 1896లో బి.ఏ. పూర్తిచేశారు. సవర భాష ఆయనకు ఏ కళాశాలా నేర్పలేదు, సవరలే నేర్పారు. టెక్కలి నుంచి పర్లాకిమిడి ఎంత దూరం కనుక! (ఆయన పేరు చెప్పి ఇంత గంభీరమైన తెలుగు రాస్తున్నందుకు పైనుంచి కోప్పడుతూ ఉంటారేమో.)

ఇక కాలేజీ పాఠం. ఇక్కడే చిక్కు. కమ్యూనిటీ కాలేజీలు మన దేశంలోనూ ఉన్నాయి; పాండిచ్చేరి విశ్వవిద్యాలయం 1995లోనే ఒకటి పెట్టింది. అయితే వాటి ధ్యాసంతా బడి దాటిన యువతకు వృత్తివిద్యలు నేర్పి ఉపాధి చూపించడం మీద. చిన్నపిల్లకు ఒక్క సబ్జెక్టు చెప్పి పంపే పని వాటిది కాదు. పదవ తరగతి మార్కులతో పిల్లల్ని నేరుగా ఆరేళ్ళ చదువుకు తీసుకునే ట్రిపుల్ ఐటీ మన జిల్లాలోనే ఎచ్చెర్లలో ఉంది గానీ, అది హాస్టలు చదువు. ఆ ఇల్లు విడిచి ఆ పిల్ల వెళ్ళదు. వెళ్ళమని చెప్పడానికి నాకూ నోరు రాదు.

హైదరాబాదులో నైనా జైస్వాల్, అగస్త్య జైస్వాల్ అనే అక్కాతమ్ముళ్ళు ఇంటివద్ద చదువుకుని పదమూడు, పద్నాలుగేళ్ళకే డిగ్రీలు పూర్తిచేసిన సంగతి పత్రికల్లో చదివే ఉంటారు. అగస్త్య డిగ్రీ పూర్తయింది 2020లో. ప్రత్యేక అనుమతులకోసం కార్యాలయాల చుట్టూ తిరగగల తండ్రి, రాజధాని నగరం, వేగంగా సాగే చదువు – ఆ కథలో ఇవన్నీ ఉన్నాయి. ఆ పిల్లల్ని మెచ్చుకుంటూనే చెబుతున్నాను, మా పిల్లకు కావలసింది వేగం కాదు. దానికి ఒక ప్రశ్న ఉంది.

“బావి నీళ్ళు తాగొద్దంటారు గాని, ఆ నీళ్ళు ఎక్కణ్ణుంచొస్తున్నాయో చెప్పరేటి మావయ్యా?” అని అడిగింది.

ఉద్దానం జబ్బుకు మూలం ఇదీ అని శాస్త్రజ్ఞులు తేల్చి చెప్పలేదు. సిలికా అన్నారు, భారలోహాలన్నారు, పురుగుమందులన్నారు, ఎండలో ఒళ్ళు వంచి పనిచేసేవాళ్ళకు తగినన్ని నీళ్ళు అందకపోవడమన్నారు. 2023 డిసెంబరు 14న పలాసలో కిడ్నీ పరిశోధన కేంద్రాన్ని, హిరమండలం జలాశయం నుంచి ఉద్దానానికి నీళ్ళు తెచ్చే పథకాన్ని ప్రారంభించారు. అది పద్నాలుగేళ్ళ పిల్ల తేల్చే విషయం కాదు. కానీ భూమిలో నీరు ఎలా నడుస్తుందన్నది తేలిన విషయమే, నేర్చుకోదగిన విషయమే.

ఐఐటీలు, బెంగుళూరులోని ఐఐఎస్సీ కలిసి 2003లో మొదలుపెట్టిన ఎన్‌పీటెల్ పాఠాలు దీనికి అక్కరకొచ్చాయి. ఇప్పుడవి 2017లో వచ్చిన ‘స్వయం’ వేదిక మీద ఉన్నాయి. చేరడానికి డబ్బు అడగదు, పదవ తరగతి సర్టిఫికెట్టూ అడగదు. నాలుగు, ఎనిమిది, పన్నెండు వారాల కోర్సులు. వారం వారం ఇంటిపని. సర్టిఫికెట్టు కావాలంటే మాత్రం 1000 రూపాయలు కట్టి పరీక్షా కేంద్రానికి వెళ్ళి రాయాలి. ఇంటిపనికి 25, పరీక్షకు 75 మార్కులు. అమెరికా కాలేజీలో ప్రిన్సిపాలు సంతకంతో తెరుచుకునే తలుపు ఇక్కడ అసలు మూసే లేదు. మూసి లేదని మా ఊళ్ళో ఎవరికీ తెలియదు, అంతే తేడా.

అయితే ఆ పాఠాలు ఇంజనీరింగు రెండో మూడో ఏడాది పిల్లలను దృష్టిలో పెట్టుకుని చెప్పినవి. భూగర్భజలాల కోర్సు మొదటి వారం హాయిగా గడిచింది. రెండో వారంలో డార్సీ సూత్రం వచ్చింది. 1856లో డిజోన్ నగరానికి మంచినీటి ఏర్పాట్లు చేసిన ఫ్రెంచి ఇంజనీరు హెన్రీ డార్సీ, ఇసుక నింపిన గొట్టాలలోంచి నీళ్ళు పంపి కనిపెట్టిన సూత్రమది. నీటిమట్టాల తేడా ఎంత పెరిగితే ప్రవాహం అంత పెరుగుతుంది, ఇసుక పొడవు ఎంత పెరిగితే అంత తగ్గుతుంది. ఇది వినగానే పిల్ల ఫోను పక్కన పడేసి పెరట్లోకి పోయింది. పాత బోరు తాలూకు ప్లాస్టిక్ గొట్టం ముక్క, అడుగున గుడ్డ కట్టు, సముద్రపొడ్డు ఇసుక. పైన నీటిమట్టం తగ్గకుండా తమ్ముడు చెంబుతో పోస్తూ ఉండాలి. కింద కారిన నీళ్ళు ఇది కొలవాలి. మొదటి రెండుసార్లూ లెక్క కుదరలేదు. ఇసుకలో గాలి బుడగలు చిక్కుకుంటున్నాయని మూడోసారి గ్రహించి, గొట్టాన్ని నీళ్ళతో నింపి ఆ నీళ్ళలోకి ఇసుక జార్చింది. అప్పుడు సూత్రం పలికింది. తర్వాత జీడితోటలోని మట్టి వేసి చూస్తే నీళ్ళు దిగడానికి ఎంత సేపు పట్టిందంటే, తమ్ముడు చెంబు పారేసి ఆటకు పోయాడు.

మూడో వారంలో అవకలన సమీకరణాలు వచ్చాయి, బండి ఆగింది. అప్పుడు చేసిన పని ఒక్కటే, పై కోర్సును అలాగే వదలకుండా పక్కన ఉంచి, అదే ‘స్వయం’లో ఉన్న పన్నెండో తరగతి కలనగణితం పాఠాల్లోకి దిగడం. మెట్లన్నీ వరుసగా ఎక్కితేనే చదువని మా కాలంలో చెప్పారు. ఈ పిల్ల మేడ మీదికి తొంగిచూసి, అక్కడున్నదేమిటో తెలిశాక మెట్లకోసం వెనక్కి వచ్చింది. అలా వచ్చినవాళ్ళకు మెట్ల మీద విసుగు పుట్టదని నా నమ్మకం.

తెర మీద దొరకనిది ప్రయోగశాల. టెక్కలి ప్రాంతంలో ఒక కళాశాల కార్యాలయంలో అడిగితే, వయసు చూసి, “పేరెక్కించడానికి రిజిస్టరులో గడి లేదండీ” అన్నారు. నిజమే, లేదు. ఆ మాట వింటూ పక్కనే నిలబడ్డ రసాయనశాస్త్రం మేష్టారు మాత్రం, “గడి లేకపోతే లేకపోయింది, సెలవురోజున పిల్లని తీసుకురండి” అన్నారు. మూడు సీసాలతో వెళ్ళాం: రెండు బావుల నీళ్ళు, ఒక కుళాయి నీళ్ళు. కాఠిన్యం కొలిచే ప్రయోగంలో సీసాలోని ద్రవం ముదురు ఎరుపు నుంచి ఒక్క చుక్కతో నీలంగా మారే క్షణం ఉంటుంది. ఆ చుక్కను పట్టుకోవడం వీడియో చూసి వచ్చే విద్య కాదు. మొదట మూడుసార్లు దాటిపోయింది. నాలుగోసారి మేష్టారు చెయ్యి వేయబోయి, మానేసి, చేతులు కట్టుకుని నిలబడ్డారు. అఫిడవిట్లూ ఫీజు రాయితీలూ అన్నీ కలిసి చేసే పని ఆయన ఒక్కరూ ఆ మధ్యాహ్నం చేసేశారు. అయితే అలాంటి మేష్టారు తారసపడని పిల్లల మాటేమిటన్నది నన్ను వదలడం లేదు. జిల్లాలో ఇన్ని కళాశాలలున్నాయి, ప్రయోగశాలలు సెలవురోజుల్లో తాళం వేసే ఉంటాయి.

ఓపెన్ స్కూలు పదో తరగతికి దరఖాస్తు పెట్టాం. కోర్సు పరీక్షకు కూడా 1000 రూపాయలు కట్టాం. ఆ డబ్బు మా చెల్లెలు నన్ను ఇవ్వనీయలేదు, జీడిపిక్కలు అమ్మిన డబ్బులోంచి తీసింది. కేంద్రం విశాఖపట్నం. పరీక్ష ఆదివారం కనుక బావ డయాలసిస్ రోజుకు అడ్డు రాదు. శనివారం సాయంత్రం పలాసలో రైలెక్కించి తీసుకువెళ్ళే పని నాది. అడ్మిట్ కార్డూ ఆధారూ ఒకే సంచిలో పెట్టమని పిల్లకు ఇప్పటికి రెండుసార్లు చెప్పాను.