థ కడుపులో చుక్క

మీరు ఒక కాగితం తీసుకుని ‘కథ’ అని రాయండి. రాశారా? ఇప్పుడు ‘థ’ కడుపులో చుక్క పెట్టారో లేదో చూసుకోండి. పెట్టకపోతే సిగ్గుపడనక్కరలేదు. మనలో చాలామంది ‘కధ’ అనే రాస్తారు. దుకాణాల బోర్డుల మీద, పెళ్లి పత్రికల మీద కూడా ఆ చుక్క తరచు కనిపించదు. చుక్క ఉంటే థ, లేకపోతే ధ. తేడా అంతే. ఆ తేడా నాకు బడిలో తెలియలేదు. ఇంట్లో బల్ల మీద ఉన్న ఒక చిన్న కటింగ్ మెషీను దగ్గర తెలిసింది.

మాది పశ్చిమ బెంగాల్‌లోని ఖరగ్‌పూర్. రైల్వే ఊరు. బెంగాల్ నాగపూర్ రైల్వే రోజుల నుంచీ శ్రీకాకుళం, విశాఖపట్నం వైపు నుంచి పని కోసం వచ్చిన తెలుగు కుటుంబాలు ఇక్కడ తరాలుగా ఉంటున్నాయి. మా తాత అలా వచ్చినవాడే. మా ఇంట్లో తెలుగు, బజారులో బెంగాలీ, బడిలో హిందీ. కాబట్టి నాకు తెలుగు మాట్లాడటం వచ్చు, పాడటం వచ్చు, తిట్టడం కూడా వచ్చు. చదవడం మాత్రం రాదు. నలభై ఏళ్లు వచ్చేదాకా అది ఒక లోటని కూడా అనిపించలేదు.

2020లో లాక్‌డౌన్ వచ్చి మా ఆయన పని చేసే దుకాణం మూతపడింది. మరుసటి ఏడు మా బంధువులమ్మాయి ఒకతె కాపురానికి దూరం వెళుతూ తన కటింగ్ మెషీను నాకు సగం ధరకు ఇచ్చింది. చూడటానికి అది కంప్యూటరు పక్కన పెట్టే ప్రింటరులాగే ఉంటుంది. సిరా ఉండవలసిన చోట చిన్న కత్తి ఉంటుంది. 12 అంగుళాల వెడల్పు షీటు అందులో పడుతుంది. కంప్యూటరులో గీసిన గీత వెంట ఆ కత్తి నడుస్తుంది. స్టిక్కర్లు కోయడానికి ఇంతకన్నా పెద్ద దుకాణం అక్కరలేదు.

మీరు రోడ్డు పక్కన ‘రేడియం కటింగ్’ అనే బోర్డు చూసే ఉంటారు. వాళ్లు చేసేదీ ఇదే పని, పెద్ద మెషీను మీద. ఆ పేరు విని భయపడకండి. 1898లో క్యూరీ దంపతులు కనుక్కున్న రేడియానికీ ఆ స్టిక్కరుకూ సంబంధం లేదు. రాత్రి బండి దీపం పడగానే మెరిసే స్టిక్కరులో సాధారణంగా సన్నటి గాజుపూసలుంటాయి. అవి వెలుగును వచ్చిన దారినే తిప్పి పంపుతాయి. మెరవని మామూలు స్టిక్కరు వినైల్, అంటే పి.వి.సి. నీళ్ల గొట్టాలు చేసే ప్లాస్టిక్కే అది. 1926లో అమెరికాలో వాల్డో సెమన్ అనే రసాయన శాస్త్రవేత్త దాన్ని మెత్తగా, వంగేలా చేసే ఉపాయం కనిపెట్టాడు. ఆ మెత్తదనం వల్లే అది ఇప్పుడు మన డబ్బాల మీద, గోడల మీద అంటుకుంటోంది. ఒక జాగ్రత్త చెబుతాను. మిగిలిన ముక్కలను పొయ్యిలో వేయకండి. పి.వి.సి. కాలితే హైడ్రోజన్ క్లోరైడ్ అనే ఘాటైన వాయువు వస్తుంది. మొదటి వారంలో నేను ఆ పని చేసి, రోజంతా దగ్గాను.

ఇప్పుడు పని ఎలా జరుగుతుందో చూడండి. వినైల్ షీటుకు రెండు పొరలుంటాయి. పైన రంగు పొర, దాని వీపున జిగురు. కింద నున్నటి కాగితం. కత్తి పై పొరను మాత్రమే కోయాలి, కాగితానికి గాటు పడకూడదు. పై పొర మందం మిల్లీమీటరులో పదో వంతు కూడా ఉండదు. వేరుశనగ గింజ మీది ఎర్ర పొరను మాత్రమే గోటితో గీరి, గింజకు గాయం కాకుండా తీయాలనుకోండి. అలాంటి పని ఇది. అందుకే షీటు మూలలో ముందుగా ఒక చిన్న చదరం కోసి చూస్తాం. అది కాగితాన్ని వదిలి శుభ్రంగా లేస్తే కత్తి ఒత్తిడి సరిపోయినట్టు. లేకపోతే ఒక మెట్టు పెంచాలి. కాగితం కూడా తెగితే తగ్గించాలి.

కోత అయ్యాక కూడా అక్షరం కనిపించదు. షీటు అంతా ఒకే రంగులో ఉంటుంది. అక్షరం చుట్టూ ఉన్న అక్కరలేని వినైల్‌ను పట్టకారుతో లాగి తీసెయ్యాలి. ఇంగ్లీషులో ఈ పనికి ‘వీడింగ్’ అని పేరు. అంటే కలుపు తీయడం. మా అమ్మ చిన్నప్పుడు వాళ్ల ఊళ్లో వరి మళ్లలో కలుపు తీసింది. నా పక్కన కూర్చుని చూసి, “కలుపని పైరు పీకేస్తావు, చూసుకో” అంది. ఆ మాట అప్పుడు నాకు తలకెక్కలేదు.

కలుపు తీశాక మిగిలిన అక్షరాల మీద ఇంకో జిగురు టేపు అంటించి లేపుతాం. అక్షరాలన్నీ వాటి వాటి స్థానాల్లోనే టేపుతో పాటు లేస్తాయి. తరవాత డబ్బా మీదో పలక మీదో టేపును నొక్కి, మెల్లగా లాగేస్తే అక్షరాలు అక్కడ ఉండిపోతాయి. పెద్ద పలకలకు ముందుగా నీళ్లలో ఒక చుక్క సబ్బు కలిపి చల్లితే, వంకర పోయినప్పుడు జరుపుకోవచ్చు.

మొదట్లో పిల్లల నీళ్ల సీసాల మీద పేర్లు, వంటింటి డబ్బాల మీద పేర్లు చేశాను. బండి నంబర్లు చేయమని కొందరు అడిగారు గాని ఒప్పుకోలేదు. 2019 ఏప్రిల్ 1 నుంచి కొత్త బండ్లకు హై సెక్యూరిటీ నంబరు ప్లేటు తప్పనిసరి అయింది. దాని మీద స్టిక్కరు పని లేదు. రేడియం కటింగ్ వాళ్లకు ఆ బేరం చాలావరకు పోయింది. అదంతా ఇంగ్లీషు అక్షరాల పని. చిక్కు తెలుగు దగ్గర వచ్చింది.

తెలుగు అక్షరం గుండ్రం కాబట్టి కత్తికి సుఖమే. కత్తి కొన సన్నగా ఉండి, లాగిన వైపు తనంతట తాను తిరుగుతుంది. వంపుల్లో హాయిగా పోతుంది. పదును మూలల్లోనే తడబడుతుంది. తాటాకు మీద గంటంతో రాసేటప్పుడు ఆకు చీలకుండా ఉండడానికే మన అక్షరాలు గుండ్రమయ్యాయని పెద్దలు చెప్పేవారు. కాని మన అక్షరం ఒంటరిగా ఉండదు. తలకట్టు, గుడి, కొమ్ము, ఒత్తు అన్నీ దాన్ని పట్టుకుని ఉంటాయి. కంప్యూటరులో అవి చాలాసార్లు విడి ముక్కలుగా ఒకదాని మీద ఒకటి పడి ఉంటాయి. తెర మీద ఒకటిగానే కనిపిస్తాయి. మెషీను మాత్రం ప్రతి ముక్క చుట్టూ విడిగా గీత కోస్తుంది. ‘మ్మ’ మధ్యలో గాట్లు పడి అక్షరం ముక్కలవుతుంది. కొన్ని సాఫ్టువేర్లకైతే ఒత్తులే తెలియవు. ‘అమ్మ’ అని కొడితే ‘అమ్‌మ’ అని విడగొట్టి చూపిస్తాయి. ఇంక్‌స్కేప్ అనే ఉచిత సాఫ్టువేరులో తెలుగు కొట్టి, అక్షరాలను గీతలుగా మార్చి, ముక్కలన్నిటినీ ఒకటిగా కలిపి, తరవాత మెషీనుకు ఇవ్వాలని తెలుసుకోవడానికి నాకు రెండు నెలలు, నాలుగు మీటర్ల వినైల్ పట్టింది.

అప్పుడు ఒక పెద్దాయన వచ్చారు. మా వీధిలోనే ఉంటారు. రైల్వే వర్క్‌షాపులో వ్యాగన్ల మీద అక్షరాలు, అంకెలు వేసే పెయింటరుగా చేసి రిటైరయ్యారు. ఆయన భార్య అంతకు ముందటి చలికాలంలో పోయింది. ఎండాకాలం రాగానే గోల్‌బజారు దారిలో ఆమె పేరున చలివేంద్రం పెట్టాలని ఆయన కోరిక. తెల్ల రంగు వేసిన రేకు పలక ఒకటి తానే తయారుచేసుకుని తెచ్చారు. చేతులు వణకడం మొదలైంది కనుక అక్షరాలు మాత్రం నన్ను వేయమన్నారు. కాగితం మీద తెలుగులో రాసి ఇచ్చారు. పైన ఆమె పేరు, కింద ‘గారి జ్ఞాపకార్థం’ అని. నేను ఆ కాగితాన్ని మా చెల్లెలి కూతురికి ఫోనులో పంపితే అది తెలుగులో కొట్టి పంపింది. నేను చదవకుండానే అక్షరాలను కలిపి, మెషీనుకిచ్చి కోశాను. బొమ్మను కోసినట్టే కోశాను.

ఆ రాత్రి కలుపు తీశాను. తెలుగులో కలుపు తీసేటప్పుడు చేతికి ఒక అలవాటు పడుతుంది. సున్న కడుపులోది తీసెయ్యాలి, ‘ర’ కడుపులోది తీసెయ్యాలి, ‘మ’లోది తీసెయ్యాలి. గుండ్రంగా మూసుకున్న ప్రతిచోటా లోపలిది చెత్తే. ‘ర్థ’లో ‘థ’ ఒత్తుగా కింద ఉంటుంది. చిన్నగా ఉంటుంది. దాని కడుపులో రెండు మిల్లీమీటర్ల చుక్క ఒకటి ఉంది. నా పట్టకారు లోపలి ముక్కను ఎత్తితే ఆ చుక్క కూడా దానితో లేచి వచ్చింది. చెత్త అనుకుని వేలికి అంటినదాన్ని బల్ల అంచుకు రాసేశాను.

మరునాడు ఆయన పలక చూశారు. చాలాసేపు ఏమీ అనలేదు. తరవాత కింది వరుస మీద వేలు పెట్టి, “ఇదేటమ్మా, జ్ఞాపకార్ధం అని ఉందేటి? అర్ధం అంటే సగం కదా. ఆవిడ నాకు సగమే గుర్తుందా?” అన్నారు.

కోపంగా అనలేదు. అంటే బాగుండేది. నేను పలక వైపు చూస్తూ నిలబడ్డాను. తప్పు ఎక్కడుందో ఆయన వేలు పెట్టి చూపిస్తున్నా నాకు కనబడలేదు. హిందీలో ‘అర్థ్’ వేరు, ‘అర్ధ్’ వేరు అని నాకు బాగా తెలుసు. నా సొంత భాషలో మాత్రం ఆ రెండింటినీ విడదీసే చుక్కను చెత్తలో పారేశాను. “నాకు చదవడం రాదు, బాబాయిగారూ” అన్నాను. ఆ మాట అంతకు ముందు ఎవరితోనూ అన్న గుర్తు లేదు.

ఆయన కుర్చీ లాక్కుని కూర్చున్నారు. వర్క్‌షాపులో స్టెన్సిల్‌తో అక్షరాలు వేసేవారట. రేకులో అక్షరం ఆకారం తొలిచి, పలక మీద పెట్టి రంగు కొడతారు. స్టెన్సిల్‌లో సున్న కోస్తే మధ్య ముక్క ఊడి కింద పడుతుంది. అందుకని దాన్ని పట్టుకోవడానికి రెండు సన్నటి వంతెనలు వదిలేస్తారు. స్టెన్సిల్ అక్షరాల్లో గీత మధ్య మధ్య తెగినట్టు ఉండేది అందుకే. ఈసారి రైల్వే స్టేషనుకు వెళ్లినప్పుడు గూడ్సు వ్యాగన్ల మీద చూడండి. “మాకు మధ్య ముక్క పడిపోకుండా చూసుకోవడమే పని. నీకు మధ్య ముక్క తీసెయ్యడమే పని. కాని ఆ ముక్కలో ఇంకో ముక్క ఉంటే ఏం చేస్తావు?” అన్నారు.

వినైల్ మెషీన్లు వచ్చి మీ పనిని పోగొట్టాయి కదా అని అడిగాను. వర్క్‌షాపులో తన పనికి ఏమీ కాలేదు గాని బజారులో బోర్డులు రాసే తన స్నేహితులు ఒక్కొక్కరే కుంచెలు పక్కన పెట్టారని చెప్పారు. కంప్యూటరు చెప్పినట్టు వినైల్ అక్షరాలు కోసే మెషీనును 1983లో అమెరికాలో గెర్బర్ అనే ఇంజనీరు కంపెనీ తెచ్చింది. ఆ జోసెఫ్ గెర్బర్ వియన్నాలో పుట్టి, నాజీల బారినుంచి తప్పించుకుని 1940లో అమెరికా చేరినవాడు. కాలేజీ రోజుల్లో పైజామా నడుముకుండే సాగే పట్టీతో ఒక కొలబద్ద కనిపెట్టాడు. ఇదంతా తరవాత చదివి ఆయనకు చెబితే, “అలాంటి బుర్ర ఉన్నవాడి చేతిలో మావాళ్లు ఓడిపోయారంటే ఫరవాలేదు” అని నవ్వారు. నాకైతే అది అంత తేలిగ్గా అనిపించలేదు. ఆ స్నేహితుల్లో ఒకాయన చివరికి గోల్‌బజారులో టీ అమ్మారు.

ఆ రోజు చుక్క కోసం మళ్లీ మెషీను పెట్టాను. రెండు మిల్లీమీటర్ల గుండ్రం ఒంటరిగా కోస్తే కత్తికి చిక్కుకుని లేచిపోతోంది. మూడుసార్లు చేశాను. ఆయన ఇంటికి వెళ్లి ఒక నల్ల ఎనామిల్ డబ్బా, సన్నటి కుంచె తెచ్చారు. కుడి చేయి వణుకుతోంది. ఎడమ చేతి పిడికిలి పలకకు ఆనించి, దాని మీద కుడి మణికట్టు పెట్టుకున్నారు. ఊపిరి బిగబట్టి ఒక్కసారి తాకించి తీశారు. చుక్క కూర్చుంది.

ఆ వారమే నేను ‘అ’ దగ్గర మొదలుపెట్టాను. మీరు ఇప్పుడు పట్టుకున్నలాంటి పుస్తకమే నా చేతికీ వచ్చింది. రాత్రి వంట అయ్యాక గంటసేపు చదివేదాన్ని. గుణింతాలు నాకు తొందరగా వచ్చాయి. వాటిలో చాలావాటిని అప్పటికే చేత్తో తడిమి, కలుపు తీసి ఉన్నాను కదా. పేర్లు తెలియవు, ఒళ్లు తెలుసు. ‘ఠ’ దగ్గర ఆగాను. దాని కడుపులోనూ చుక్క ఉంది. అది పోతే ‘ర’ అయి కూర్చుంటుంది. పీఠం కాస్తా పీరం అవుతుంది. అప్పటి నుంచి కోసే ముందు ఇలాంటి చుక్కలెన్ని ఉన్నాయో లెక్కపెట్టి, షీటు వెనక కాగితం మీద పెన్సిలుతో అంకె వేస్తున్నాను. కలుపు తీయడం అయ్యాక ఆ అంకె సరిపోవాలి. మీరు కూడా తెలుగు రాసేవారైతే ఈ అలవాటు పనికొస్తుంది. మెషీను అక్కరలేదు.

నేను వాడింది చవక రకం వినైల్. పెద్ద రోలర్ల మధ్య నొక్కి, లాగి చేస్తారు దాన్ని. ఎండలో ఏళ్ల తరబడి ఉంటే మెల్లగా ముడుచుకుని అంచులు లేస్తాయి. ద్రవంగా పోసి ఆరబెట్టి చేసే ఖరీదైన రకం అంతగా ముడుచుకోదు. మూడో వేసవికి ఆ పలక మీది అక్షరాల కొసలు లేచాయి. ఆయన పెట్టిన ఎనామిల్ చుక్క మాత్రం కదల్లేదు.

మంచి రకం వినైల్‌తో కొత్త పలక చేస్తానన్నాను. ఈసారి చుక్క పోనివ్వనని కూడా చెప్పాను. ఆయన కాసేపు ఆలోచించి, “అన్నీ నువ్వే వెయ్యి. ఆ ఒక్కటి నాకు వదిలెయ్యి” అన్నారు.

అందుకని కంప్యూటరులో ఆ చుక్కను నేనే చెరిపి కోశాను. షీటు వెనక సున్న వేశాను. పలక ఇప్పుడు మా వరండాలో గోడకు ఆనించి ఉంది. ‘థ’ ఒత్తు కడుపు ఖాళీగా ఉంది. ఆదివారం ఉదయం కుంచె పట్టుకుని వస్తానన్నారు.