కుంటకట్ట క్రింది ఊట

ఉత్తర కరోలినా రాష్ట్రపు నడిమి భాగమున, కొండలకును సముద్రతీరపు మైదానమునకును మధ్య వ్యాపించియున్న పీడ్‌మాంట్ అను ఎఱ్ఱమట్టి సీమలో, పల్లెదారుల వెంట పోవువారికి కొంతకొంత దూరమున కొక చిన్న కుంట కానవచ్చుచుండును. ఇవి ప్రకృతిసిద్ధములైన సరస్సులు కావు. వాలునేలలను విశ్రాంతి లేక దున్ని, ప్రత్తియు పొగాకును పండించి పండించి, సారవంతమైన పైమన్నును వాగులపాలు గావించుకొన్న రైతులకు, 1930 తరువాతి దశాబ్దములలో భూసంరక్షణోద్యమము నేర్పిన పాఠమే వీనిలో పెక్కింటికి మూలము. ఆ యుద్యమనాయకుడైన హ్యూ హామండ్ బెన్నెట్ ఈ రాష్ట్రమునందలి ఆన్సన్ కౌంటీలో జన్మించినవాడు. 1935 లో ఏర్పడిన సాయిల్ కన్సర్వేషన్ సర్వీసునకు ప్రథమాధిపతి. దేశమునందలి మొట్టమొదటి భూసంరక్షణ మండలము కూడ 1937 లో ఆయన జన్మస్థలమైన ఆ కౌంటీయందే, బ్రౌన్ క్రీక్ పేరిట వెలసినది. పశువుల దాహము తీర్చుటకును, పొలములకు తడి యిచ్చుటకును నాడు త్రవ్విన కుంటలు నేడు పొలములతోపాటు చేతులు మారి, నావంటి యుద్యోగస్థులకు సంక్రమించుచున్నవి. మేము కొన్న యిల్లు అట్టి యొక కుంట యొడ్డున నున్నది.

కొనవచ్చినవారు నీటిని చూతురు, నీటిలోని యాకాశమును చూతురు, ఒడ్డున బల్ల వేసికొనుటకు చోటున్నదా యని చూతురు. నీరు వెడలిపోవు త్రోవ యే స్థితిలో నున్నదో దిగి చూచువారరుదు. మా కుంట విస్తీర్ణము ఇంచుమించు ఒక యెకరము. కట్ట యెత్తు పదునాలుగడుగులు. కుంట లోపల, కట్టకు సమీపమున, ఒక నిలువు గొట్టము నిలిపియుందురు. నీటిమట్టము దాని నోటిని మించినప్పుడు మిగులు నీరు అందులోనికి దుమికి, కట్ట యడుగున పోవు తూము అను మరియొక గొట్టము గుండ ఆవలి వాగులో పడును. మహావర్షమున కది చాలనప్పుడు, కట్ట ప్రక్కన, పోసిన మన్నుమీద గాక సహజమైన గట్టినేలలో త్రవ్వి గడ్డి పెంచిన వెడల్పైన అలుగు మీదుగా వరద పోవలెను. తూమునకు నాటివారు వాడినది జింకుపూత గల ముడుతల యినుపగొట్టము. ఈ ప్రాంతపు ఆమ్లగుణము గల నేలలో అట్టి గొట్టము కొన్ని దశాబ్దములకు అడుగువైపునుండి తుప్పు పట్టి చిల్లులు పడును. కట్టకు ఆయుస్సు మిగిలియుండగనే దాని గర్భమునందలి తూమునకు ఆయుస్సు తీరుట ఈ సీమ కుంటలలో పెక్కింటికి వచ్చిన వ్యాధి.

ఒక వేసవిలో వానలు వెనుకబట్టి, కుంటనీరు నిలువు గొట్టపు నోటికంటె జానెడు క్రిందికి దిగిపోయెను. అయినను కట్ట యావల తూము చివర నీరు పారుచునే యుండెను. నోటి కందని నీరు కడనుండి వెడలుచున్నదనగా, నడుమ నెచ్చటనో దొంగదారి యొకటి యేర్పడియుండవలెను. కౌంటీ భూసంరక్షణ మండలమున చిరకాలము పనిచేసి విశ్రాంతి తీసికొనుచున్న ఇంజనీరొకరు మాయందలి దయచే వచ్చి చూచిరి. గొట్టపు లోపలినుండి వచ్చు నీటిని వారు పట్టించుకొనలేదు. గొట్టమునకు వెలుపల, మట్టికిని ఇనుమునకును సందున, చిటికెన వ్రేలి లావున జాలువారుచున్న ఊటకు గాజుసీసా పట్టి నింపి నా చేతికిచ్చి, "రేపు ప్రొద్దున చూడుడు. నీరు పోవుటను గూర్చి దిగులు వలదు, దానివెంట మన్ను పోవుచున్నదేమో చూడవలెను" అనిరి. వంటయింటి కిటికీలో నుంచిన ఆ సీసాను మరునాడుదయమున వెలుగున కెత్తి చూడగా, పైనీరు తేటపడియుండెను. అడుగున మాత్రము బియ్యపుగింజ మందమున ఎఱ్ఱని యొండ్రు పేరుకొని, దానిలో అభ్రకపు రేణువులు మెఱయుచుండెను. అది మా కట్ట మన్ను.

ఆ పలుచని పొర యెంత భయంకరమైనదో యెఱుగుటకు కట్ట శాస్త్రము కొంత తెలియవలెను. గుండ్రని గొట్టపు పొట్టక్రింద దిమ్మిస చక్కగా దిగదు. అచ్చటి మన్ను మిగిలిన కట్టవలె గట్టిపడక గుల్లగా నుండిపోవును. నీరు ఆ గుల్లను వెదకికొని గొట్టము వెంబడి నడచి, బయటికి వచ్చుచోట ఒక్కొక్క రేణువును ఊడబెఱికికొని పోవును. ఆ విధముగా సొరంగము దిగువచివర పుట్టి, నీటిరాకకు ఎదురుగా, కుంటవైపు పెరుగుచు పోవును. బయటివారి కది యేండ్లతరబడి చిన్న ఊటగనే కనిపించును. సొరంగము కుంటనీటిని తాకిన పిమ్మట మాత్రము గండిపడుటకు గడియలు చాలును. 1976 జూన్ 5 వ తేదీన ఐడహో రాష్ట్రమున టీటన్ ఆనకట్ట, అంతటి మహానిర్మాణము, ఉదయమున బురదయూటగా కనిపించిన లోపలి కోతచేతనే మధ్యాహ్నము కాకమునుపే కొట్టుకొనిపోయి పదునొకండుగురిని పొట్టబెట్టుకొనెను. మరుసటి యేడు నవంబరు 6 వ తేదీ అర్ధరాత్రి దాటిన పిమ్మట జార్జియాలో, విద్యుదుత్పత్తి మానుకొని విహారసరస్సుగా మిగిలియుండిన కెల్లీ బార్న్స్ అను ఒక ప్రైవేటు చెరువు కట్ట తెగి, దిగువనున్న బైబిలు కళాశాల ఆవరణలో నిద్రించుచుండిన ముప్పదితొమ్మిదిమంది మరణించిరి.

మా కట్టకు దిగువను ఒక కౌంటీ రోడ్డును, దాని యావల ఒక వృద్ధదంపతుల యిల్లును కలవు. ఉత్తర కరోలినాలో ఆనకట్టల రక్షణకు 1967 నుండి శాసనమున్నది గాని, ప్రాణాపాయకరములని నిర్ణయింపబడనంతవరకు ఇట్టి చిన్న కట్టలు సర్వసాధారణముగా దాని పరిశీలనకు రావు, చూచుకొనవలసినవాడు యజమానియే. మా వంశము ఆంధ్రదేశమునందలి పోరుమామిళ్ల ప్రాంతమున పుట్టినది. అక్కడ 1369 లో బుక్కరాయల కుమారుడైన భాస్కరుడు తాను కట్టించిన తటాకమునకు వేయించిన శాసనమందు చెరువునకు పండ్రెండంగములును ఆరు దోషములును వివరింపబడినవి. ఆ యారింటిలో మొదటిది కట్టనుండి నీరు స్రవించుట. దినమునకు వేయిమంది చొప్పున రెండేండ్లు పనిచేసి కట్టిన మహాతటాకమునకు ఏ దోషమును తొలుత చెప్పిరో, అదియే సముద్రముల కావల మా యెకరపు కుంటకును పట్టినదని గ్రహించినప్పుడు, ఇక తాత్సారము పనికిరాదని నాకు తోచెను.

సలహాలకు కొఱత లేకుండెను. బెంటొనైట్ మట్టిని కుంటలో చల్లుమని కొందఱును, పాతగొట్టములో సన్నగొట్టము దూర్చి సందున సిమెంటుజావ నింపుమని కొందఱును చెప్పిరి. రెండవది గొట్టపు చిల్లులకు మంచి చికిత్సయే. కాని గొట్టమునకు వెలుపల బోలు ఏర్పడిన చోట అది నిష్ప్రయోజనము. అన్నిటికంటె అపాయకరమైన సలహా, ఊట వెలువడుచోట కాంక్రీటుతో బిగించుమనుట. దారి మూసినంత మాత్రమున నీటి యొత్తిడి తగ్గదు. కట్ట లోపల మట్టము పెరిగి, అది మరియొక బలహీనస్థానమును వెదకికొనును. పూర్వము ఇంజనీర్లు కూడ గొట్టమునకు అడ్డపట్టీలు తొడిగి నీటి దారిని పొడిగించి దానిని ఆపజూచెడివారు. 1980 తరువాతి దశాబ్దమునుండి ఆ పద్ధతి వెనుకబడి, దాని స్థానమున ఇసుక వడపోత వచ్చినది. మృత్తికాశాస్త్రవేత్తయైన కార్ల్ టెర్జాఘీ ప్రతిపాదించిన ఈ యుపాయమునందలి బుద్ధిసూక్ష్మత నన్ను ముగ్ధుని జేసినది: నీటిని సుఖముగా పోనిచ్చునంత ముతకయు, మట్టి రేణువును పోనీయనంత సన్నమును అగు ఇసుకను దిగువభాగమున గొట్టము చుట్టును నింపినయెడల, ఊట తేటగా వెడలును, కట్ట నిలిచియుండును. నీటిని శత్రువుగా నెంచక, మన్నును మాత్రము దక్కించుకొనుట ఇందలి మర్మము.

శరత్కాలమున వానలు తగ్గిన పిమ్మట పని మొదలుపెట్టితిమి. కట్టమీదుగా ప్లాస్టిక్ గొట్టముతో సైఫన్ పెట్టి, దినమునకు అడుగునకు మించకుండ నీటిని దింపితిమి. తొందరపడినచో లోపలి వాలులో నానియున్న మన్ను ఎదుటి నీటి యానిక కోల్పోయి జారిపడును. చేపలు నడిమి మడుగున మిగిలినవి. పాతగొట్టమును పెకలించునాడు నేను గోతిలో దిగి చూచితిని. దాని యడుగుభాగము చేతితో తాకినంతనే పెళ్లలుగా రాలెను. దాని క్రింద, మోచేయి దూరునంత వెడల్పున, గోడలు నున్నగా అరిగిన సొరంగము, తడి యారక, కుంటవైపు సాగిపోయియుండెను. చేయి చాపితిని, కొస అందలేదు. ఎదుట గట్టుపైని పచ్చిక యెప్పటివలె కళకళలాడుచుండెను.

క్రొత్త గొట్టము వేసి గోతిని పూడ్చుటయందే పని యంతయు నున్నది. గోతి ప్రక్కలను నిలువుగా నుంచినచో పాతమన్నునకును క్రొత్తమన్నునకును నడుమ అతుకు మిగిలి, అదియే మరల నీటికి దారియగును; కావున వానిని ఏటవాలుగా చెక్కితిమి. బంకమన్నును అరయడుగు మందముగల పొరలుగా పఱచి, ఒక్కొక్క పొరను రోలరుతో నణచి, గొట్టపు దగ్గఱ చేతి దిమ్మిసతో కొట్టవలెను. తేమ సరిగానున్నదా యని తెలిసికొనుటకు ఆ ఇంజనీరు పిడికెడు మన్ను తీసికొని పిడిచి చూచెడివారు. సున్నుండవలె విడిపోక నిలిచి, అఱచేతికి బురద యంటకున్నచో పొర సిద్ధమైనట్లు. ఎండిన మన్నుపై ఎంత రోలరు నడిపినను లాభము లేదు. దిగువ మూడవవంతున కడిగిన కాంక్రీటు ఇసుకను గొట్టము చుట్టును మూడడుగుల మందమున నింపి, దాని నీటికి వేఱుగా దారి యిచ్చితిమి.

కట్టమీద పెరిగిన పైన్ చెట్లను, స్వీట్‌గమ్ చెట్లను తీసివేయుట నా భార్యకు కష్టముగనే యుండెను. ఆ నీడయందే ఆమె సాయంకాలములు గడపెడిది. అయినను చెట్టు చచ్చిన పిమ్మట కుళ్లిన వేరు నీటికి కాలువయగును గనుక, పెద్దవానిని మొదళ్లతో త్రవ్వి, గోతులను అదే క్రమమున పూడ్చితిమి. ఆమె కుర్చీ యిప్పుడు ఒడ్డున ఓక్ చెట్టు క్రిందికి మారినది. అలుగునకు అడ్డముగా పూర్వులు కట్టిన తీగకంచె ఆకులను పట్టి ఆనకట్టగా మారుచుండుటచే దానిని తొలగించితిమి.

2016 అక్టోబరున మాథ్యూ తుపానునకును, 2018 సెప్టెంబరున ఫ్లోరెన్స్ తుపానునకును ఈ రాష్ట్రపు తూర్పు భాగమున పెక్కు చెరువుల కట్టలు తెగినవి. అందుచే ఈసారి నిలువు గొట్టము అడుగున నీటిని ముందుగా దింపుటకు ఒక వాల్వును అమర్పించితిని. దాని చక్రమునకు వేసిన తాళమునకు రెండు చెవులు చేయించి, ఒకటి దిగువ యింటి వృద్ధునకిచ్చి, త్రిప్పు విధము చూపించితిని. నేను ఉద్యోగరీత్యా ఊరిలో లేనప్పుడు తుపాను హెచ్చరిక వచ్చినయెడల, ఆయన నాకు ఫోను చేయవలసిన పని లేదు. నాల్గు చుట్లు త్రిప్పి యింటికి పోవచ్చును.