జిరాక్సులు అడగని ఊళ్ళో

హెల్సింకి రేవు నుంచి తాలిన్‌కు ఓడలో రెండు గంటల ప్రయాణం. నడుమ ఎనభై కిలోమీటర్ల చలి సముద్రం. 2023 జూన్ నెల, రాత్రి పదవుతున్నా పొద్దు గుంకలేదు. మా ఆవిడ కాళ్ళ దగ్గర ఆవకాయ సీసా, నా చంకలో ప్లాస్టిక్ ఫోల్డరు. అందులో వీసా కాగితాలు, ఇన్సూరెన్సు, అమ్మాయి పెళ్ళి సర్టిఫికెట్టు, అన్నిటికీ గెజిటెడ్ అధికారి సంతకంతో రెండేసి నకళ్ళు. నేను కలెక్టరేట్లో సెక్షన్ సూపరింటెండెంట్‌ని. వెళ్తున్నది ఎస్టోనియాలో ఉన్న అమ్మాయి పురిటికి. బిడ్డ పుట్టాక జనన నమోదు కోసం తిరిగే పని నాదేనని బయల్దేరేముందే తీర్మానించుకున్నాను. ఏ దేశమైనా ఆఫీసు ఆఫీసే. ఏ కిటికీ దగ్గర నిలబడాలో తెలిస్తే మిగతాది నేను చూసుకోగలను.

ఆ పని నాకు దక్కలేదు. మనవరాలు పుట్టగానే ఆస్పత్రివాళ్ళే పదకొండు అంకెల సంఖ్య ఒకటి ఇచ్చేశారు. మొదటి అంకెను బట్టి ఏ శతాబ్దంలో పుట్టిందో, ఆడో మగో తెలుస్తుంది. తర్వాతి ఆరూ పుట్టిన తేదీ. ఇంటికొచ్చాక ఓ సాయంత్రం అల్లుడు వంటింట్లో లాప్‌టాప్ తెరిచి, తన ఐడీ కార్డు రీడర్లో పెట్టి, నాలుగంకెల పిన్ కొట్టాడు. అది తానెవరో చెప్పుకోవడానికట. ఆస్పత్రి పంపిన వివరాలు అప్పటికే తెర మీద ఉన్నాయి. పిల్ల పేరు రాసి, ఈసారి ఐదంకెల పిన్ కొట్టాడు. అది సంతకం. చేత్తో పెట్టిన సంతకానికి ఎంత విలువో చట్టంలో దీనికీ అంతే.

"అయిపోయింది మావయ్యగారూ."

"మీ పెళ్ళి సర్టిఫికెట్టు జతచేయలేదే?"

"ఈ దేశం వచ్చిన కొత్తలో ఒకసారి ఇచ్చామండీ, అపోస్టిల్ ముద్ర వేయించి. అది వాళ్ళ దగ్గరే ఉందిగా."

"ఉంటే మాత్రం! అప్పుడు ఇచ్చింది వేరే పనికి కదా బాబూ."

అల్లుడు మర్యాదస్తుడు, నవ్వలేదు. కొన్నాళ్ళకు వాళ్ళ సామాజిక బీమా శాఖ నుంచి సందేశం వచ్చింది. బిడ్డకు నెలకు 80 యూరోల భత్యం వస్తుంది, సరేనంటే ఖాతాలో వేస్తామని. దరఖాస్తు ఎవరూ పెట్టలేదు. 2019 నుంచి అక్కడ పద్ధతే ఇది. బిడ్డ పుట్టిందని ప్రభుత్వానికి తెలిశాక, పుట్టిందని మళ్ళీ మనం రుజువు చేయక్కర్లేదు.

నేనెందుకు అంత ఆశ్చర్యపోయానో అర్థం కావాలంటే, మా ఆఫీసు కాగితరహితమైన తీరు చెప్పాలి. నేను నేర్చుకున్నది మద్రాసు ప్రెసిడెన్సీ కాలం నాటి టాటెన్‌హామ్ పద్ధతి. నోట్ ఫైలు ఒక పక్క, కరెంట్ ఫైలు ఒక పక్క, మధ్యలో ట్యాగు, అంచున జెండాల్లా ఫ్లాగులు. ప్రతి గుమాస్తాకూ ఓ పర్సనల్ రిజిస్టరు. పని తేలాక శాశ్వతంగా ఉంచాల్సినదైతే ఆర్.డిస్, పదేళ్ళుంచితే చాలనుకుంటే డి.డిస్. ఆ పద్ధతిని తిట్టుకున్నవాళ్ళున్నారు గానీ, ఏ కాగితం ఎవరి బల్ల మీద ఎన్నాళ్ళు పడుకుందో అది ఇట్టే చెప్పేది. తర్వాత ఈ-ఆఫీసు వచ్చింది. తపాల్లో వచ్చిన ప్రతి కాగితాన్నీ స్కాన్ చేసి ఎక్కించాం. పైఅధికారికి తెర మీద చదవడం అలవాటు లేదు, కనక ప్రింటు తీసి పెట్టాం. ఆయన దాని మీద ఎర్ర సిరాతో రాస్తే, దాన్ని మళ్ళీ స్కాన్ చేసి ఎక్కించాం. కంప్యూటర్లో ఓ ఫైలు, బల్ల మీద దాని కవల. టోనర్ ఖర్చు పెరిగింది. అర్జీదారు మాత్రం ఎప్పటిలాగే ఆధార్ జిరాక్సు, రేషన్ కార్డు జిరాక్సు, కుల ధ్రువపత్రం జిరాక్సు పట్టుకుని నిలబడ్డాడు. ఆ కుల ధ్రువపత్రం కిందటేడు ఇచ్చింది మా శాఖే.

తాలిన్ పాతపట్నంలో తూంపియా అనే గుట్ట ఉంది. రాళ్ళు పరిచిన దారిలో పైకెక్కితే ఉల్లిగడ్డ గోపురాల రష్యన్ చర్చి, దానికి ఎదురుగా పార్లమెంటు, ఇంకాస్త అవతల స్టెన్‌బాక్ భవనం. ప్రధానమంత్రి కార్యాలయం అక్కడే. బయటి నుంచే చూశాం. తెల్ల స్తంభాలు, ముందు ఎవరూ లేని ముంగిలి. అర్జీలు రాసిపెట్టేవాళ్ళూ జిరాక్సు బడ్డీలూ లేని సచివాలయం చూడటం నాకు అదే మొదలు. మంత్రివర్గం 2000లోనే అక్కడ కాగితాలు మానేసింది. ఎజెండా ముందుగానే మంత్రుల తెరల మీదికి వస్తుంది. ఏ అంశానికి ఒప్పుకుంటారో, దేనికి అడ్డు చెబుతారో, దేని మీద మాట్లాడాలనుకుంటున్నారో ముందే గుర్తు పెట్టేస్తారు. అభ్యంతరం రాని అంశాలు చర్చ లేకుండా తీర్మానాలైపోతాయి. నాలుగైదు గంటలు సాగే సమావేశాలు అరగంట నుంచి గంటన్నరలో ముగియడం మొదలైందట. కాగితం ఎంత మిగిలిందో గానీ, మంత్రులు ముందే చదువుకుని రావాల్సి రావడమే అసలు మార్పని నాకనిపించింది.

ఈ దేశం 1991లో సోవియట్ యూనియన్ నుంచి బయటపడింది. డబ్బు లేదు. ఫిన్లాండ్ తన పాత అనలాగ్ టెలిఫోన్ ఎక్స్ఛేంజీని ఊరికే ఇస్తామంటే వద్దన్నారని అక్కడ కథగా చెప్పుకుంటారు. 1996లో బడులన్నిటికీ కంప్యూటర్లు ఇచ్చే పథకం, 2001లో శాఖల మధ్య సమాచారం నడిచే ఎక్స్-రోడ్, 2002లో ఐడీ కార్డు, 2005లో ఇంటర్నెట్ ఓటు. నేను వెళ్ళిన ఏడాది మార్చిలో జరిగిన పార్లమెంటు ఎన్నికల్లో సగానికి పైగా ఓట్లు ఇంటర్నెట్లోనే పడ్డాయి. ఇందులో నన్ను ఆపింది ఎక్స్-రోడ్. అందరి సమాచారాన్నీ ఒకేచోట పోగేసిన పెద్ద గోదాం కాదది. ఎవరి రికార్డు వాళ్ళ దగ్గరే ఉంటుంది. ఒక శాఖకు కావాల్సింది ఇంకో శాఖను అడిగి తెచ్చుకుంటుంది, అడిగినట్టూ ఇచ్చినట్టూ నమోదు పడుతుంది. ఒకే సమాచారం కోసం రెండు డేటాబేసులు పెట్టడానికి వాళ్ళ చట్టం ఒప్పుకోదు. ఇదివరకు మనిషి ఫైలు మోసుకుంటూ చేసే ప్రయాణం శాఖలే చేసుకుంటాయన్నమాట.

పాతపట్నంలోనే పగారి వీధిలో పూర్వం కేజీబీ ఖైదీలను ఉంచిన నేలమాళిగ ఉంది, నేను వెళ్ళేనాటికి అది మ్యూజియం. ఇరుకు గదులు, లావుపాటి తలుపులు. 1949 మార్చిలో సోవియట్ పాలకులు 20,000 మందికి పైగా జనాన్ని, ఎక్కువగా ఆడవాళ్ళనూ పిల్లలనూ ముసలివాళ్ళనూ, రైలు పెట్టెల్లో సైబీరియాకు తోలేశారు. ఆ పనంతా జాబితాల మీద నడిచింది. పేర్లు, కుటుంబాలు, చిరునామాలు, వాటి కింద సంతకాలు. ఫైళ్ళతో బతికినవాణ్ణి కదా, ఆ జాబితా తయారు చేసిన గుమాస్తా గురించి ఆలోచించకుండా ఉండలేకపోయాను. దాన్ని శుభ్రంగా, తప్పుల్లేకుండా రాసే ఉంటాడు.

ఇంత చరిత్ర ఉన్న జనం తమ వివరాలన్నీ ప్రభుత్వం చేతిలో ఎలా పెట్టారని ఆ రాత్రి అల్లుణ్ణి అడిగాను. జవాబుగా పోర్టల్ తెరిచి ఒక పుట చూపించాడు. అతని వివరాలను ఏ శాఖ ఎప్పుడు చూసిందో వరసగా ఉంది. కారణం తెలియని నమోదు కనిపిస్తే ఎందుకు చూశారని నిలదీయవచ్చు. ఊరికే కుతూహలం కొద్దీ పక్కవాడి రికార్డు తెరిచిన ఉద్యోగులకు జరిమానాలు పడ్డాయి కూడా. మా రికార్డు రూములో అడంగల్ పుస్తకం ఎవరు తిరగేశారో చెప్పమంటే అటెండరు కూడా చెప్పలేడు. కాగితానికి ఆ జ్ఞాపకం లేదు. అలాగని అక్కడంతా సవ్యంగానే నడిచిందనీ కాదు. 2007లో దేశం మీద పెద్ద సైబర్ దాడి జరిగింది. 2017లో ఐడీ కార్డు చిప్పులో లోపం బయటపడి ఏడు లక్షలకు పైగా కార్డుల భద్రతా సర్టిఫికెట్లను పట్టుపట్టి మార్చాల్సి వచ్చింది. ముఖ్యమైన రిజిస్టర్లకు ఇంకో ప్రతి ఉండాలని లక్సెంబర్గ్‌లో 'డేటా రాయబార కార్యాలయం' పెట్టుకున్నారు. దేశమే చేజారిపోయిన అనుభవం ఉన్నవాళ్ళకు తట్టే ఆలోచన అది.

పిల్లకు నెల నిండాక టార్టూ వెళ్ళాను, రైల్లో సుమారు రెండు గంటలు. జాతీయ అభిలేఖాగారం కొత్త భవనం అక్కడుంది, 2017లో తెరిచారు. పాత కాగితాలు అందులో భద్రంగా ఉన్నాయి. స్కాన్ అయిందని ఎవరూ తూకానికి వేయలేదు. 17వ శతాబ్దంలో స్వీడన్ ఏలుబడిలో గీసిన భూమి పటాలు తెరమీద చూశాను. చేను, మెట్ట, పచ్చిక, బాట, ఒక్కో దానికి ఒక్కో రంగు. మా ఎఫ్ఎంబీలు, అంటే సర్వే కొలతల పుస్తకాలు, చూసిన కళ్ళకు అవి కొత్తగా అనిపించలేదు. సర్వేయరు గీత ఏ భాషవాడికైనా అర్థమవుతుంది.

శాఖలే ఒకదాన్నొకటి అడిగి తెచ్చుకునే పద్ధతి మన దగ్గర ఎందుకు రాలేదో తెలియక కాదు నేను ఇదంతా చెబుతున్నది. ఎస్టోనియా జనాభా 13 లక్షల పైచిలుకే. మన జిల్లాలు చాలావాటికన్నా తక్కువ. అంతకన్నా పెద్ద చిక్కు పేర్లది. ఒకే రైతు ఆధార్లో వెంకట సుబ్బారావు, పాసుపుస్తకంలో వి. సుబ్బారావు, బ్యాంకులో ఇంటిపేరు చివరికెళ్ళి ఇంకో మనిషి. శాఖలు ఒకదాన్నొకటి అడిగినా జవాబు సరిపడదు. ముందు దాన్ని సరిచేయాలి. స్కానర్లు కొనడం కన్నా విసుగు పుట్టించే పని, ప్రారంభోత్సవానికి రిబ్బను కత్తిరించడానికి కూడా ఏమీ ఉండదు.

నా ఫోల్డరుకూ చివర్లో పని పడింది. మనవరాలికి మన పాస్‌పోర్టు కావాలంటే జనన ధ్రువపత్రం కాగితం మీద ఉండాలి. అక్కడ అడిగితే తప్ప అది అచ్చు వేయరు. రుసుము కట్టి తెప్పించాం. ఫోల్డరులో పెట్టే ముందు రెండు జిరాక్సులు తీయిద్దామంటే ఆ వీధిలో దుకాణం లేదు. అల్లుడు తన ఆఫీసులో తీసుకొచ్చాడు.

తిరిగొచ్చాక సెక్షన్లో అందరూ అడిగిన మొదటి ప్రశ్న, వాళ్ళు ఏ కంపెనీ స్కానర్లు వాడతారని. నాకు ఒక్కటీ కనిపించలేదన్నాను. తర్వాత కూర్చుని, మా శాఖ దగ్గరే ఉండగా జనాన్ని మళ్ళీ తెమ్మంటున్న కాగితాలన్నిటికీ జాబితా రాశాను. రెండు పేజీలొచ్చింది. వాటిలో కొన్నిటినైనా అడగడం మానేద్దామని ఈ-ఆఫీసులో నోట్ పెట్టాను. పైనుంచి తిరిగొచ్చింది, సంబంధిత జీవోల జిరాక్సు ప్రతులు జతపరచవలసిందిగా. జతపరిచాను.