గోదారి ఎర్రబడితే...

పట్టిసీమ రేవులో మా బాబాయిది కొబ్బరికాయల కొట్టు. రేవు దాటి వీరభద్రస్వామి గుడికెళ్లేవాళ్లే ఆయన బేరం. రోజువారీ ఫైనాన్సులో పదివేలు రాస్తే చేతికొచ్చేది తొమ్మిదివేలు. వంద రోజులు, రోజుకో వంద కట్టాలి.

"బ్యాంకుకెళ్లు బాబాయ్! 2015 నుంచి ముద్ర రుణాలున్నాయిగా, శిశు కింద 50 వేల దాకా తాకట్టు లేకుండా..." అన్నాను, పేపర్లో రాసేవాణ్నన్న ధీమాతో.

"శివరాత్రికి రెండు వాయిదాలు కట్టమన్నా కట్టేస్తానురా. గోదారి ఎర్రబడి పడవలాగిపోతే? ఫైనాన్సు కుర్రాడు కొట్టు చూసి వారం ఆగుతాడు. బ్యాంకు వాయిదా ఆగుద్దా?"

వడ్డీ లెక్క చెప్పబోయాను. అది నాకన్నా ఆయనకే బాగా తెలుసు. ఒకసారి కొట్టు కట్టేసి వెళ్లాడట కూడా. అమ్మకాల పుస్తకం తెమ్మన్నారట.

"నా పుస్తకం ఇదేగా" అంటూ అట్టముక్క చూపించాడు. కాయల లెక్క కిందే పిన్ని మందుల ఖర్చూ రాసుంది.